‘ఆర్ట్’: ఒక తెల్లని కాన్వాసు, ముగ్గురు మిత్రులు

యాస్మినా రెజా ఫ్రెంచి భాషలో రాసిన ‘ఆర్ట్’ నాటకాన్ని ఆధునిక చిత్రకళ మీద వేసిన వ్యంగ్యాస్త్రంగా పరిచయం చేయడం మూడు దశాబ్దాలుగా అలవాటైపోయింది. ఆ పరిచయాన్ని నమ్మి హాల్లో కూర్చున్న ప్రేక్షకుడు మొదటి అరగంట సుఖంగానే నవ్వుకుంటాడు. ఏ బొమ్మా లేని తెల్లని కాన్వాసుకు లక్షలు పోసిన డాక్టరును చూసి నవ్వడం ఎవరికైనా సులువే. అయితే గంటన్నర కూడా మించని ఈ నాటకంలో అసలు విషయం ఆ నవ్వు ఆగిన చోట మొదలవుతుంది. ఒకరి అభిరుచి మారినప్పుడు స్నేహంలో తెగేది ఏమిటి, అసలు ఆ స్నేహం అంతకాలం దేని మీద నిలబడింది అన్న ప్రశ్నను ఇంత నిర్దయగా, ఇంత తక్కువ సరంజామాతో అడిగిన సమకాలీన నాటకం నాకు మరొకటి తారసపడలేదు. బొమ్మ గొప్పదా, పనికిరానిదా అన్నది రెజా చివరిదాకా తేల్చరు. తేల్చకపోవడం వల్లనే ఈ నాటకం ఇన్నేళ్ళు బతికిందని నేను నమ్ముతున్నాను. ఈ సమీక్షకు నేను ప్రధానంగా ఆధారం చేసుకున్నది క్రిస్టఫర్ హాంప్టన్ ఆంగ్లానువాదం.

కథ చాలా చిన్నది. పారిస్ నగరంలో ముగ్గురు పాత మిత్రులు ఉంటారు. సెర్జ్ చర్మవ్యాధుల వైద్యుడు, వృత్తిలో నిలదొక్కుకున్నవాడు, చిత్రకళ అంటే మక్కువ ఉన్నవాడు. మార్క్ విమాన పరిశ్రమలో ఇంజనీరు. అతని అభిరుచులు పాతకాలపువి, నోరు పదునైనది. ఇవాన్ చాలాకాలం బట్టల వ్యాపారంలో గడిపి, ఇటీవలే ఒక హోల్‌సేల్ స్టేషనరీ సంస్థలో అమ్మకాల ఉద్యోగానికి కుదురుకున్నాడు. రెండు వారాల్లో అతని పెళ్ళి. సెర్జ్ ఆంత్రియోస్ అనే కల్పిత చిత్రకారుడి కాన్వాసును 2,00,000 ఫ్రాంకులకు కొంటాడు. సుమారు 1.60 మీటర్లకు 1.20 మీటర్ల కొలత గల ఆ కాన్వాసు మొత్తం తెలుపు. కళ్ళు చిట్లించి చూస్తే దాని మీద ఐమూలగా సాగిన సన్నని తెల్లగీతలు కనబడతాయి. మార్క్ దాన్ని చూసి, ధర విని, ఒకే ఒక్క మొరటు మాటతో తీర్పు చెప్పేస్తాడు. ఆ మాట సెర్జ్‌కు తగులుతుంది. ఏ కొలమానంతో కొలిచి ఆ మాట అన్నావని అతను నిలదీస్తాడు. ఇద్దరూ విడివిడిగా ఇవాన్‌ను తమ వైపు లాక్కోవాలని చూస్తారు. ఇవాన్ ఇద్దరినీ సంతోషపెట్టబోయి ఇద్దరికీ శత్రువవుతాడు. సినిమాకు వెళ్ళి, ఆపైన ఎక్కడైనా భోజనం చేద్దామనుకున్న ఒక సాయంత్రం ముగ్గురూ ఒకే గదిలో చిక్కుకుంటారు. అంతకుమించి కథ లేదు.

1994 అక్టోబరు 28న పారిస్‌లోని కామెడీ దే షాంజెలీజే థియేటర్‌లో, ప్యాట్రీస్ కెర్బ్రా దర్శకత్వంలో ఈ నాటకం తొలిసారి ప్రదర్శితమైంది. పియెర్ వానెక్ మార్క్‌గా, ఫాబ్రీస్ లుకీని సెర్జ్‌గా, పియెర్ ఆర్దితి ఇవాన్‌గా నటించారు. మరుసటి ఏడు ఫ్రెంచి నాటకరంగంలో అత్యున్నతమైన మోలియేర్ పురస్కారం వచ్చింది. 1996లో మాథ్యూ వార్కస్ దర్శకత్వంలో లండన్‌లోని విండమ్స్ థియేటర్‌కు చేరింది. ఆల్బర్ట్ ఫిన్నీ, టామ్ కోర్టినీ, కెన్ స్టాట్ తొలి తారాగణం. నటులు మారుతూ వచ్చినా ప్రదర్శన మాత్రం లండన్‌లో ఆరేళ్ళకు పైగా కొనసాగింది. నిర్మాతలలో సినీనటుడు షాన్ కానరీ ఒకరు. 1998లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో అలన్ ఆల్డా, విక్టర్ గార్బర్, ఆల్ఫ్రెడ్ మొలీనాలతో ప్రారంభమై, ఆ సంవత్సరపు ఉత్తమ నాటకంగా టోనీ పురస్కారం పొంది, 600 ప్రదర్శనలు పూర్తి చేసుకుంది. ముప్పైకి పైగా భాషల్లోకి అనువాదమైంది. లండన్‌లో దీనికి ఉత్తమ హాస్యనాటకం బహుమతి ప్రకటించినప్పుడు, తాను రాసింది విషాద నాటకమని అనుకున్నానంటూ రెజా ఆశ్చర్యపోయారని చెబుతారు. ఆ మాటను చమత్కారంగా కొట్టిపారేయకుండా ఉన్నదున్నట్టు తీసుకుని నాటకాన్ని చూడాలన్నది నా అభిప్రాయం.

మార్క్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ప్రేక్షకుడు మొదట అతనితోనే చేయి కలుపుతాడు. నాటకం అతని స్వగతంతోనే తెరుచుకుంటుంది. మిత్రుడు మోసపోయాడనీ, నలుగురిలో గొప్పకోసం కొన్నాడనీ అతని వాదన మొదట్లో సబబుగానే తోస్తుంది. కానీ ఒక బొమ్మ నచ్చకపోయినంత మాత్రాన మనిషి అంతగా కలత చెందడు గదా అన్న అనుమానం క్రమంగా మొదలవుతుంది. సెర్జ్ ఇంటి నుంచి బయటపడ్డ మార్క్ తనను తాను అదుపు చేసుకోవడానికి హోమియో మాత్రలు చప్పరిస్తాడు. జెల్సీమియమా, ఇగ్నేషియానా అన్న మీమాంస ఫ్రెంచి నాటకంలో వినబడినప్పుడు, ఇంట్లో హోమియో మందుల పెట్టె ఉన్న తెలుగు పాఠకులకు ఆ పాత్ర వెంటనే దగ్గరవుతుంది; ఆ రెండూ మనసు కుదుటపడని వేళ మన హోమియో వైద్యులు కూడా ఇచ్చే మందులే. మార్క్ దిగులు ఏమిటో చివరి మూడో వంతులో బయటపడుతుంది. ఒకప్పుడు సెర్జ్ అతణ్ణి ఆరాధించేవాడు. తన మిత్రుడు అందరిలాంటివాడు కాడని, ఎవరి అభిప్రాయాలకూ తలవంచడని నలుగురి ముందు గర్వంగా చెప్పుకునేవాడు. మార్క్‌కు ఆ ఆరాధన కావాలి. అది లేని స్నేహం అతనికి స్నేహమే కాదు. ఒకనాడు సెర్జ్ ‘డీకన్‌స్ట్రక్షన్’ అన్న మేధావుల పారిభాషిక పదాన్ని ముఖంలో చిరునవ్వైనా లేకుండా వాడినప్పుడే తన స్థానం పోయిందని అతనికి అర్థమైంది. తన స్థానంలోకి వచ్చింది మరో మనిషి అయినా అతను భరించేవాడేమో. వచ్చింది ఒక తెల్లని కాన్వాసు. మిత్రులను గాలికి వదిలేయకూడదని, కనిపెట్టి ఉండకపోతే చేజారిపోతారని మార్క్ అంటాడు. ఎంత అహంకారం ఉన్న మాటో, అంత భయమూ ఉన్న మాట అది. ఇంత బలహీనతను ఒప్పుకునే పాత్రకు ఇంత దురుసు నోరు ఇవ్వడం రెజా చేసిన గొప్ప పని.

సెర్జ్ విషయంలో నాటకం ఇంకా జాగ్రత్తగా నడుస్తుంది. అతను ఆ బొమ్మ ఎందుకు నచ్చిందో వివరించే ప్రయత్నం దాదాపు చేయడు. గ్యాలరీ దీన్ని 2,20,000 ఫ్రాంకులకు తిరిగి తీసుకోవడానికి సిద్ధంగా ఉందనీ, ఆంత్రియోస్ చిత్రాలు మూడు పారిస్‌లోని ఆధునిక కళా మ్యూజియం పాంపిడూ కేంద్రంలో ఉన్నాయనీ చెప్పుకుంటాడు. ఇవి ధరకూ ప్రతిష్ఠకూ సంబంధించిన సాక్ష్యాలే గాని కంటికి సంబంధించినవి కావు. మార్క్‌కు ఈ రంగంలో ఆసక్తి గాని పరిచయం గాని లేవు కనుక అతనికి తీర్పు చెప్పే అర్హత లేదని వాదిస్తాడు. ఈ వాదనలు విన్నంతసేపూ సెర్జ్ డాబుమనిషే అనిపిస్తుంది. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు అతను మాట్లాడే తీరు వేరు. నిజానికి ఆ బొమ్మ తెల్లగా లేదంటాడు. నేపథ్యం తెలుపే అయినా అందులో రకరకాల బూడిద రంగులున్నాయని, ఎరుపు కూడా ఉందని, మొత్తం తెల్లగానే ఉంటే తనకు నచ్చేదే కాదని అంటాడు. మార్క్‌కు తెలుపే కనబడుతుందంటే అది మార్క్ హద్దు అని తేల్చేస్తాడు. ఈ స్వగతం వింటున్నప్పుడు ప్రేక్షకులు ఎక్కువగా నవ్వుతారు. నాకు మాత్రం నాటకం మొత్తంలో సెర్జ్ నిజాయితీగా ఉన్న క్షణం అదేననిపిస్తుంది. నెలల తరబడి కోరుకుని, చివరకు ఇంటికి తెచ్చుకుని, రోజులో వేరువేరు వేళల్లో ఆ కాన్వాసు ముందు నిలబడిన మనిషికి మాత్రమే కనబడగల రంగులవి.

ఇక్కడ చిత్రకళ చరిత్ర కొంత తెలిసి ఉండటం మంచిది. తెల్లని కాన్వాసు రెజా నవ్వు పుట్టించడానికి కల్పించిన వింత వస్తువు కాదు. రష్యన్ చిత్రకారుడు కజిమిర్ మలేవిచ్ 1918లోనే తెల్లని నేల మీద కాస్త ఒరిగిన తెల్లని చదరాన్ని వేశాడు. ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. 1951లో అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ గీత కూడా లేని తెల్లని పలకలను తయారుచేశాడు. వాటి మీద గదిలోని వెలుతురు, ఎదుట నిలబడ్డవారి నీడలు, గాలిలోని ధూళి వచ్చి వాలతాయన్నది వాటిని చూసిన సంగీతకారుడు జాన్ కేజ్ అవగాహన. మరుసటి ఏడాది ఒక్క స్వరమూ పలకని తన నిశ్శబ్ద రచనను వెలువరించడానికి ఆ పలకలే ధైర్యమిచ్చాయని కేజ్ చెప్పుకున్నాడు. రాబర్ట్ రైమన్ దశాబ్దాల పాటు దాదాపు తెలుపుతోనే పనిచేసి, రంగు పూసిన తీరు, కుంచె జాడ, కాన్వాసు నేత, గోడకు బిగించిన పద్ధతి, వీటినే చిత్రానికి వస్తువుగా చేశాడు. అంటే సెర్జ్ కొన్న బొమ్మ వెనుక 1994 నాటికే ముప్పాతిక శతాబ్దపు సంప్రదాయం ఉంది. ఈ సంగతి తెలిసి చూస్తే నాటకం అర్థం మారుతుంది. ఆంత్రియోస్ కాన్వాసు కూడా రంగస్థలం మీద అదే పని చేస్తుంది: దాని ఎదుట నిలబడ్డ ప్రతి పాత్ర నీడా దాని మీద పడుతుంది. మార్క్‌కు అందులో ద్రోహం కనబడుతుంది, సెర్జ్‌కు స్వేచ్ఛ, ఇవాన్‌కు ఇద్దరిలో ఎవరికి ఏం చెప్పాలన్న గాభరా.

నన్ను అడిగితే నాటకానికి గుండెకాయ ఇవానే. మిగిలిన ఇద్దరూ అతణ్ణి పిరికివాడని, వెన్నెముక లేనివాడని, గోడ మీద పిల్లి అని తిడతారు. మార్క్ దగ్గర ఉన్నప్పుడు ధర విని నోరెళ్ళబెడతాడు, సెర్జ్ దగ్గరకు వెళ్ళి అతనితో కలిసి నవ్వుతాడు, మళ్ళీ మార్క్ దగ్గరకు వచ్చి ఆ బొమ్మ తనలో ఏదో కదిలించిందంటాడు. ఇవన్నీ అబద్ధాలని మార్క్ అంటాడు గాని, ఎదుటి మనిషి సంతోషం చూస్తే తనూ సంతోషపడే స్వభావం ఇవాన్‌ది. అలాంటివాళ్ళు లేని మిత్రబృందం ఎన్నాళ్ళు నిలుస్తుంది? సినిమాకు వెళ్దామనుకున్న సాయంత్రం అతను చాలా ఆలస్యంగా వచ్చి, ఊపిరి తీసుకోకుండా చేసే సుదీర్ఘ ప్రసంగం ఈ నాటకంలో అన్నిటికన్నా పేరు పొందిన ఘట్టం. పెళ్ళి శుభలేఖ మీద ఎవరి పేర్లు వేయాలన్నది సమస్య. పెళ్ళికూతురు కాథరీన్ తనను పెంచిన సవతితల్లి పేరు ఉండాలంటుంది. ఇవాన్‌కు తన సవతితల్లి అంటే గిట్టదు. ఆమె పేరు లేకుంటే తన పేరు కూడా వద్దని అతని తండ్రి అంటాడు. ఆమె పక్కన తన పేరు వేస్తే ఊరుకోనని కన్నతల్లి ఫోనులో మండిపడుతుంది. శుభలేఖలో పేర్ల వరుస దగ్గర వచ్చే అలకలు తెలిసిన మనకు ఈ ఘట్టాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. ఇది నటుడికి పెద్ద పరీక్ష. కేవలం వేగంగా అప్పజెప్పితే చప్పట్లు వస్తాయి. కానీ ఇంటా బయటా ఎవరినీ నొప్పించకుండా బతకాలనుకున్న మనిషి ఇద్దరు మిత్రుల దగ్గరకు కాస్త సేద తీరడానికి పరుగెత్తుకొచ్చాడన్న సంగతి వినబడాలి. వచ్చేసరికి ఇక్కడ అంతకన్నా పెద్ద గొడవ నడుస్తూ ఉంటుంది. అతని గోడు ఎవరికీ పట్టదు, పైగా ఆ పెళ్ళే మానుకోమని సలహా ఇస్తారు.

ఇవాన్ తన మానసిక చికిత్సకుడు ఫింకెల్‌జోన్ చెప్పిన సూత్రాన్ని జేబులోంచి కాగితం తీసి చదివే చోటు కూడా ఉంది. నేను నేను కావడానికి కారణం నేనే అయితే, నువ్వు నువ్వు కావడానికి కారణం నువ్వే అయితే, అప్పుడు నేను నేనే, నువ్వు నువ్వే; అలా కాక నేను నేను కావడానికి కారణం నువ్వైతే, నువ్వు నువ్వు కావడానికి కారణం నేనైతే, అప్పుడు నేనూ లేను, నువ్వూ లేవు అన్నది దాని సారాంశం. మిత్రులిద్దరూ దీన్ని హేళన చేస్తారు. ప్రేక్షకులకూ అది పొడుపుకథలాగే వినబడుతుంది. కానీ మార్క్, సెర్జ్‌ల మధ్య జబ్బు ఏమిటో ఈ నాటకంలో సరిగ్గా చెప్పింది ఆ కాగితమే. దాన్ని అందరూ నవ్వే చోట దాచిపెట్టడం రచయిత్రి నేర్పు.

రంగాలంకరణ విషయంలో రెజా సూచన చాలా పొదుపైనది. ఒకే గది, వీలైనంత నిరాడంబరంగా, ఏ ప్రత్యేకతా లేకుండా ఉండాలి. అది సెర్జ్ ఇల్లు అవుతుంది, మార్క్ ఇల్లు అవుతుంది, ఇవాన్ ఇల్లు అవుతుంది. మారేది గోడ మీది బొమ్మ ఒక్కటే. మార్క్ ఇంట్లో పాత ఫ్లెమిష్ ఫణితిలో వేసిన ప్రకృతి దృశ్యం, అందులో కిటికీ నుంచి కనబడే కార్కసోన్ పట్టణం. ఇవాన్ ఇంట్లో అతని తండ్రి వేసిన ఒక నాసిరకం బొమ్మ. సెర్జ్ ఇంట్లో ఆంత్రియోస్. ముగ్గురి అభిరుచులనూ ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం సాధ్యం కాదు. ఇవాన్ గోడ మీద ఉన్నదాన్ని కళాఖండమని ఎవరూ అనరు, అతనూ అనడు. అయినా ఆ గోడ మీద అదే ఉంటుంది. అభిరుచి అనేదాంట్లో కంటితో పనిలేని అనుబంధాలు ఎంత పాలు ఉంటాయో ఆ చిన్న బొమ్మ చెబుతుంది. ఇద్దరి మధ్య సాగుతున్న సంభాషణను ఆపి ఒక పాత్ర ప్రేక్షకుల వైపు తిరిగి మాట్లాడే పద్ధతిని కూడా రెజా విరివిగా వాడుకున్నారు. దానివల్ల ముఖాన చెప్పేదీ, మనసులో ఉన్నదీ పక్కపక్కనే వినబడతాయి. ముగ్గురిలో ఎవరి రహస్యం ఎంతో మిగిలిన ఇద్దరికన్నా మనకే ఎక్కువ తెలుస్తుంది. ఆ తెలివిడి వల్ల మనం తీర్పరి స్థానంలో కూర్చుంటాం, ప్రతి పది నిమిషాలకూ మన తీర్పు మార్చుకోవలసి వస్తుంది.

గొడవ ముదిరిన తరువాత సెర్జ్ విసిరే అస్త్రం బొమ్మకు సంబంధించినది కాదు. మార్క్ సహచరి పౌలా సిగరెట్ పొగను చేత్తో తోసేసే తీరు తనకు అసహ్యమంటాడు. ఏదో ఒక చేతి కదలికను పట్టుకుని ఒక మనిషి స్వభావం మొత్తాన్ని ఖండించడం ఎంత క్రూరమో వినగానే తెలుస్తుంది; మార్క్ ఒక కాన్వాసును పట్టుకుని సెర్జ్‌కు చేసింది కూడా సరిగ్గా అదేనన్న సంగతి ఒక క్షణం ఆలస్యంగా తడుతుంది. చదువుకున్న, మధ్యవయసు దాటుతున్న ఇద్దరు పెద్దమనుషులు కలబడతారు. విడదీయబోయిన ఇవాన్‌కు చెవి మీద దెబ్బ పడుతుంది. ఇక్కడ హాలంతా నవ్వుతుంది. నవ్వాల్సిందే. అయితే ఆ నవ్వు చల్లారకముందే ఇవాన్ ఏడుస్తాడు. తనకు ఎవరి మీదా పెత్తనం అక్కర్లేదని, ఎవరికీ ఆదర్శంగా ఉండాలన్న కోరిక లేదని, వాళ్ళ మిత్రుడిగా, వాళ్ళను నవ్వించేవాడిగా ఉంటే చాలని అంటాడు. ఈ మాటల దగ్గర నటుడు ఒక్క పిసరు అతి చేసినా నాటకం మెలోడ్రామాలోకి జారిపోతుంది.

నాటకం చూడనివారు ముగింపు ముందే తెలుసుకోకూడదనుకుంటే ఈ పేరా, దీని తరువాతి పేరా వదిలేయవచ్చు. సెర్జ్ లోపలికి వెళ్ళి ఆంత్రియోస్‌ను తెచ్చి నిలబెడతాడు, ఇవాన్ దగ్గరున్న నీలిరంగు స్కెచ్ పెన్ను అడిగి తీసుకుని మార్క్‌కు అందిస్తాడు. మార్క్ ఆ తెల్లని గీత వెంబడి ఒక వాలును ఊహించుకుని, దాని మీద జారుతున్న ఒక చిన్న మనిషిని, తలకు ఉన్ని టోపీతో, కాళ్ళకు మంచు మీద జారే బద్దలతో (స్కీలతో) గీస్తాడు. 2,00,000 ఫ్రాంకుల కాన్వాసు మీద పెన్ను ఆనిన క్షణంలో హాలు ఊపిరి బిగపడుతుంది. అప్పటిదాకా ఆ బొమ్మను చూసి నవ్వినవారే దాన్ని పాడుచేయవద్దని మనసులో కేక పెడతారు. గంటకు పైగా ఎవరి వాదనా సాధించలేనిది ఆ ఒక్క చర్య సాధిస్తుంది. ఆ కాన్వాసుకు విలువ ఉందని ప్రేక్షకుడు తనకు తెలియకుండానే ఒప్పుకుంటాడు.

తరువాత సెర్జ్, మార్క్ కలిసి పౌలా సూచించిన సబ్బుతో ఆ గీతలను కడిగేస్తారు. ఆ సిరా కడిగితే పోతుందని ముందే తెలుసా అని మార్క్ అడుగుతాడు. తెలియదని సెర్జ్ చెబుతాడు. తెలుసునని మనకు మాత్రం చెబుతాడు. మిత్రుడి కోసం సర్వం పణంగా పెట్టినట్టు కనిపించిన ఆ త్యాగంలో ఒక అబద్ధం ఉంది. ఈ అబద్ధాన్ని కపటమని కొందరు విమర్శిస్తారు. నేను ఒప్పుకోను. నాటకం మొదట్లో మార్క్ నిజం చెప్పాడు, సెర్జ్ కూడా నిజమే చెప్పాడు, ఆ నిజాల దెబ్బకు ముగ్గురూ దాదాపు నాశనమయ్యారు. పెన్ను ఇచ్చేటప్పుడు సిరా పోతుందని తెలిసి ఉండవచ్చు గాని, మార్క్ ఏం గీస్తాడో, ఎంత కోపంతో గీస్తాడో సెర్జ్‌కు తెలియదు. ఆ చేతికి తన బొమ్మను అప్పగించడంలో ఉన్న సాహసం అబద్ధం కాదు. స్నేహాన్ని పరీక్షార్థం మళ్ళీ మొదలుపెడదామని వాళ్ళు అనుకున్నప్పుడు ఇవాన్ కన్నీళ్ళు ఆపుకోలేకపోవడం కూడా ఇందుకే. పాత స్నేహం తిరిగి రాలేదు. దాని స్థానంలో షరతులు ఉన్న మరొకటి వచ్చింది. రెజా దీన్ని విషాదమని ఎందుకు అనుకున్నారో ఇక్కడికి వచ్చేసరికి నాకు పూర్తిగా అర్థమైంది.

లోపాలు లేవని చెప్పను. స్త్రీలందరూ తెర వెనుకే ఉన్నారు. కాథరీన్, పౌలా, తల్లులు, సవతితల్లులు అందరూ మగవాళ్ళ నోట గయ్యాళులుగానో చాదస్తులుగానో మాత్రమే వినబడతారు. ముగ్గురు మగవాళ్ళ స్వార్థం చూపించడమే రచయిత్రి ఉద్దేశం అనుకున్నా, ఆ చమత్కారాలలో కొన్ని ఇప్పుడు పాతబడ్డాయి. సెర్జ్ ప్రాచీన రోమన్ తత్వవేత్త సెనెకాను ఆధునికుడని మెచ్చుకునే ప్రసంగం మొదట సరదాగా ఉన్నా, తరువాత దాన్నే పట్టుకుని సాగదీసిన వాదులాట కొంత తగ్గించవలసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆధునిక చిత్రకళను ప్రేమించే మనిషి దాని గురించి మాట్లాడే అసలైన భాష సెర్జ్‌కు ఒక్క స్వగతంలోనే దక్కింది. మిగిలిన నాటకమంతా అతని చేతిలో ధర, గ్యాలరీ, మ్యూజియం తప్ప వేరే ఆయుధాలు లేవు. దీనివల్ల తూకం మార్క్ వైపు కొద్దిగా మొగ్గుతుంది. మంచి దర్శకుడు ఈ లోటును నటన ద్వారా, ముఖ్యంగా సెర్జ్ మౌనంగా బొమ్మను చూసే క్షణాల ద్వారా పూడ్చవచ్చు. అలా పూడ్చని ప్రదర్శనలో నాటకం నిజంగానే వ్యంగ్యంగా కుదించుకుపోతుంది.

అందువల్లనే 2025లో బ్రాడ్‌వే మ్యూజిక్ బాక్స్ థియేటర్‌లో స్కాట్ ఎల్లిస్ దర్శకత్వంలో, బాబీ కానవాలే, నీల్ పాట్రిక్ హారిస్, జేమ్స్ కార్డెన్‌లతో వచ్చిన పునఃప్రదర్శనలో చేసిన ఒక మార్పు నాకు నచ్చలేదు. అక్కడ బొమ్మ ధరను 3,00,000 డాలర్లు చేశారు. మూలంలోని 2,00,000 ఫ్రాంకులు యూరో స్థిర మారకం ప్రకారం సుమారు 30,500 యూరోలు. ఈ ముప్పై ఏళ్ళలో ధరలు ఎంత పెరిగాయనుకున్నా ఇది చాలా పెద్ద గెంతు. నాటకంలో సెర్జ్ కలిగినవాడే గాని సంపన్నుడు కాడు; తన స్థాయికి మించి ఖర్చుపెట్టాడు కనుకనే అతని ప్రేమ మీద మనకు కొంత నమ్మకం కలుగుతుంది. ధర ఇన్ని రెట్లు కాగానే అతను డబ్బు విసిరే శ్రీమంతుడవుతాడు, ప్రేక్షకుడు ఆలోచించే పని లేకుండా మార్క్ పక్షం చేరిపోతాడు. అంకెను మార్చడం చిన్న సంగతిలా కనబడుతుంది గాని, ఈ నాటకంలో సానుభూతి ఎటు పోతుందో నిర్ణయించేది ఆ అంకే.

తారాబలంతో వచ్చిన ప్రదర్శనలు దొరకకపోయినా నష్టం లేదు. ముగ్గురు సమాన స్థాయి నటులు, ఒక సోఫా, రెండు కుర్చీలు, మూడు చిత్రాలు ఉంటే నడిచే నాటకం ఇది. ఏ ఊళ్ళోనైనా స్థానిక బృందం ఆడుతుంటే తప్పక చూడవచ్చు. భాష కొంత మొరటుగా ఉంటుంది కనుక పిల్లలను తీసుకువెళ్ళడం తగదు. విరామం ఉండదు, ఆలస్యంగా వెళ్ళకూడదు, ఎందుకంటే మొదటి స్వగతంలోనే బొమ్మ వర్ణన అయిపోతుంది. చదవాలనుకునేవారికి ఫేబర్ సంస్థ 1996లో ప్రచురించిన హాంప్టన్ అనువాదం ఒక్క పూటలో పూర్తవుతుంది. మన పరిషత్తు పోటీలలో తక్కువ పాత్రలతో, ఒకే రంగాలంకరణతో ఆడే నాటికలకు అలవాటుపడిన తెలుగు బృందాలకు ఇది అచ్చంగా సరిపోయే రచన. హక్కుదారుల అనుమతితో ఎవరైనా తెలుగు చేయదలిస్తే నాదొక విన్నపం: సెర్జ్ పాత్రను విదూషకుణ్ణి చేయవద్దు, ఇవాన్ పాత్రకు మాత్రం బృందంలోకెల్లా ఊపిరి, ఓర్పు ఎక్కువ ఉన్న నటుణ్ణి ఎంచుకోండి.